మన పేరు మోస్తున్న రాయి: ఆదిలాబాద్, కరీంనగర్ బొగ్గు కథ



పోస్టు కొంచెం పెద్దగానే ఉంటది. ఒక్కసారి చదవలేకపోతే సేవ్ చేసుకొని రాత్రి మెస్‌లో అన్నం తిన్నంక చదవండి. లెక్కలు కూడా ఉన్నయి. లెక్కలకు భయపడి మధ్యల ఆపకండి, చివర్లో ఆ లెక్కలతోనే మనకు పని ఉన్నది.

నేను చేసిన తప్పుతోటి మొదలుపెడత

నేను డిగ్రీ సెకండియర్. మా ఇంట్ల కాలేజీ గడప తొక్కింది నేనే మొదటోన్ని. పోయిన ఏడు క్లాసులో సెమినార్ పెట్టిన్రు. నాకు వచ్చిన టాపిక్ మన జిల్లా ఖనిజాలు. ఫోన్‌లో దొరికింది దొరికినట్టు రాసుకొని పోయి, "మన ఆదిలాబాద్, కరీంనగర్‌లో లిగ్నైట్ బొగ్గు విస్తారంగా ఉన్నది" అని గట్టిగా చదివిన. మా కెమిస్ట్రీ సార్ ఏమీ అనలేదు. మరునాడు రెండు రాళ్లు తెచ్చి బల్ల మీద పెట్టిండు. ఒకటి గోధుమ రంగు, గోటితో గీకితే పొడి రాలుతున్నది, ఎండిన కట్టె లెక్క నారలు కనబడుతున్నయి. ఇంకోటి నలుపు, బరువు, ఒక పొర మెరుస్తది, ఒక పొర మెరవదు. "మీ ఊరి దిక్కు దొరికేది ఏది?" అని అడిగిండు. రెండోదాన్ని చూపించిన. "మరి నిన్న మొదటిదాని పేరు ఎందుకు చెప్పినవ్?" అన్నడు. క్లాసంత నవ్విన్రు. నేను కూడ నవ్విన గాని లోపల సిగ్గైంది.

అంతటితోని అయిపోతే ఈ పోస్టు రాసేవాన్ని కాదు. క్లాసు అయినంక సార్ నన్ను పిలిచి ఇంకో మాట చెప్పిండు. "ఈ నల్ల రాయి ఉన్న పొరలను ప్రపంచమంతా ఏమంటరో తెలుసా? గోండ్వానా అంటరు. అది మీ పేరే." ఆ మాట పుస్తకంలో నేను చాలాసార్లు చదివిన. ఏదో పరాయి దేశం మాట అనుకున్న. గోండు పిల్లగాన్ని అయి ఉండి కూడ అందులో నా పేరు నాకు కనబడలేదు.

ఆ రోజు నుంచి లైబ్రరీల దొరికిందల్లా చదివిన. అర్థమైన కాడికి ఇక్కడ రాస్తున్న.

గోండ్వానా అనే పేరు ఎట్ల వచ్చింది

1870లల్ల భారత భూగర్భ సర్వే శాఖలో హెన్రీ మెడ్లికాట్ అనే ఐర్లండ్ శాస్త్రవేత్త పనిచేసేవాడు. మధ్య భారతంలో బొగ్గు ఉన్న రాతి పొరలకు 1872లో గోండ్వానా అనే పేరు వాడిండు. ఆ పొరలు ఎక్కువగా గోండు రాజులు ఏలిన అడవుల కింద ఉన్నయి కాబట్టి ఆ పేరు. తర్వాత 1885లో ఎడ్వర్డ్ స్యూస్ అనే ఆస్ట్రియా శాస్త్రవేత్త ఇంకో మాట చెప్పిండు. ఒకప్పుడు భారతదేశం, ఆఫ్రికా లాంటి దక్షిణ భూములు కలిసి ఒకే నేలగా ఉండేవని, దాన్ని గోండ్వానాలాండ్ అనాలని. ఈ రోజు ప్రపంచంలో ఏ దేశం పిల్లలైనా ఖండాల కథ చదివితే ఆ మాట చదవాల్సిందే.

ఆధారం ఏంది అంటే ఒక ఆకు. గ్లోసాప్టెరిస్ అనే చెట్టు ఆకు, నాలుక ఆకారంలో ఉంటది. ఆ చెట్టు ఇప్పుడు భూమ్మీద లేదు. కాని దాని ఆకుల అచ్చులు మన గోదావరి లోయ బొగ్గు పొరల్లో ఉన్నయి, ఆఫ్రికాలో ఉన్నయి, దక్షిణ అమెరికా, ఆస్ట్రేలియాలో ఉన్నయి. 1912లో దక్షిణ ధ్రువం చేరి తిరిగి వస్తూ మంచులో చనిపోయిన కెప్టెన్ స్కాట్ బృందం దగ్గర సుమారు 16 కిలోల రాళ్లు దొరికినయి. నడవలేని స్థితిలో కూడ వాళ్లు ఆ రాళ్లను పారేయలేదు. వాటిల్ల కూడ ఇదే ఆకు అచ్చు ఉన్నది. సముద్రం దాటి గింజ ఎగిరి పోలేదు కాబట్టి ఆ భూములన్నీ ఒకప్పుడు కలిసే ఉన్నయని శాస్త్రవేత్తలు నమ్మిన్రు.

అంటే అంటార్కిటికా మంచు కింద ఉన్న రాయికి కూడ మన పేరే. మన పేరు అంత దూరం పోయింది. మనం ఎంత దూరం పోయినం అనేది తర్వాత చూద్దాం.

మన నేల కింద పొరలు

ప్రాణహిత, గోదావరి నదులు పారే ఈ లోయ మామూలు లోయ కాదు. భూమి రెండు దిక్కుల పగిలి నడిమి భాగం కిందికి కుంగితే ఏర్పడ్డది. సుమారు 350 కిలోమీటర్ల పొడుగు. కుంగుకుంట పోయిన కొద్దీ నదులు ఇసుక, మట్టి తెచ్చి నింపుకుంట పోయినయి.

అన్నిటికంటే కింద తాల్చీర్ పొర. అది మంచు కాలం నాటిది, హిమానీనదాలు ఈడ్చుకొచ్చిన గుండ్లు అందులో ఉంటయి. మే నెల ఎండల మాడే మన దగ్గర ఒకప్పుడు మంచు ఉండేదంటే నమ్మబుద్ధి కాదు, కాని రాయి అబద్ధం చెప్పదు. దాని మీద బరాకర్ పొర. మన బొగ్గు ప్రధానంగా ఉండేది ఇందులోనే. పెర్మియన్ యుగం, అంటే 29.9 కోట్ల నుంచి 25.2 కోట్ల ఏళ్ల కింద. దాని పైన ఇంకా కొత్త పొరలు. అందులో మలేరి పొరకు మన ఆదిలాబాద్ ఊరి పేరే పెట్టిన్రు. ఇంకా పైన కోటా పొర. అందులో యామన్‌పల్లి దగ్గర ఒక డైనోసార్ ఎముకలు దొరికినయి. దానికి 1988లో కోటసారస్ యామన్‌పల్లియెన్సిస్ అని పేరు పెట్టిన్రు. దాని అస్థిపంజరం హైదరాబాద్‌లో బిర్లా సైన్స్ సెంటర్‌ల నిలబెట్టి ఉన్నది. టూర్‌కు పోయినప్పుడు తప్పక చూడండి, మన దిక్కు నుంచి పోయి హైదరాబాద్‌ల నిలబడ్డ పెద్ద మనిషి అదే.

లిగ్నైట్‌కు, మన బొగ్గుకు తేడా

చెట్లు బురద నీళ్లల్ల పడి, గాలి తగలకుంట, మీద మట్టి బరువు పడి, లోపలి వేడికి కోట్ల ఏళ్లు మగ్గితే బొగ్గు అయితది. ముందు పీట్, తర్వాత లిగ్నైట్, తర్వాత సబ్ బిట్యుమినస్, బిట్యుమినస్, చివరికి ఆంత్రసైట్. మెట్టు ఎక్కిన కొద్దీ నీళ్లు, ఆక్సిజన్ తగ్గుతయి, కార్బన్ పెరుగుతది.

లిగ్నైట్ మధ్యలో ఆగిన బొగ్గు. మన దేశంలో పెద్ద లిగ్నైట్ గని తమిళనాడులోని నైవేలీ, అక్కడ 1956లో ప్రభుత్వ సంస్థ పెట్టిన్రు. ఆ లిగ్నైట్ టెర్షియరీ యుగానిది, అంటే 6.6 కోట్ల ఏళ్ల ఇవతల. బరువులో దాదాపు సగం నీళ్లే. బూడిద మాత్రం తక్కువ. కిలో కాలిస్తే సుమారు 2,500 కిలోక్యాలరీల వేడి.

మన గోదావరి లోయ బొగ్గు దానికంటే ఎంతో ముసలిది, ఇంకో మెట్టు పైన ఉన్నది. సబ్ బిట్యుమినస్, బిట్యుమినస్ రకం. తేమ తక్కువ, చాలా చోట్ల 5 నుంచి 10 శాతం మధ్యల. కాని బూడిద ఎక్కువ, 20 నుంచి 40 శాతం దాకా. ఎందుకంటే మన బొగ్గు తయారైన చిత్తడిలోకి నదులు బురద మోసుకొచ్చి కలిపినయి. ఆ బురదే ఇప్పుడు బూడిద. అందులో ఎక్కువ భాగం సిలికా, అల్యూమినా, కొంత ఇనుము ఆక్సైడ్. గంధకం మాత్రం తక్కువ, మామూలుగా 1 శాతం లోపలే. ఇంకో సంగతి, మన బొగ్గు నాన్ కోకింగ్. అంటే వేడి చేస్తే కరిగి గట్టి కోక్ ముద్ద కాదు. అందుకే ఉక్కు ఫ్యాక్టరీ బ్లాస్ట్ ఫర్నేస్‌కు పనికిరాదు, కరెంటుకు, సిమెంటుకు, ఇటుక బట్టీలకు పనికొస్తది.

ల్యాబ్‌ల బొగ్గును నాలుగు భాగాలుగా కొలుస్తరు. తేమ, మండే వాయువులు, బూడిద, మిగిలిన స్థిర కార్బన్. పొడి చేసిన బొగ్గును సుమారు 108 డిగ్రీల దగ్గర ఎండబెడితే తగ్గిన బరువు తేమ. గాలి తగలకుంట 900 డిగ్రీల దగ్గర ఏడు నిమిషాలు వేడి చేస్తే పోయేది మండే వాయువు. గాలిలో పూర్తిగా కాల్చితే మిగిలేది బూడిద. ఈ మూడు 100లోంచి తీసేస్తే స్థిర కార్బన్. ఇంతే. ఇది మన ఇంటర్ పిల్లలు కూడ చేయగల లెక్క.

గ్రేడు అంటే ఏంది

2012 కంటే ముందు మన దేశంలో బొగ్గు గ్రేడు ఒక చిన్న సూత్రంతోని తేల్చేది. ఉపయోగపడే వేడి = 8900 − 138 × (బూడిద శాతం + తేమ శాతం). ఒక బొగ్గులో బూడిద 30, తేమ 7 అనుకోండి. రెండు కలిపితే 37. 138తో గుణిస్తే 5,106. 8,900లోంచి తీస్తే 3,794. పాత లెక్కల 3,360 నుంచి 4,200 దాకా ఈ గ్రేడు. అంటే ఈ బొగ్గు ఈ గ్రేడు. సూత్రం చూస్తే ఒక సంగతి తెలుస్తది. బూడిద ఒక్క శాతం పెరిగితే 138 కిలోక్యాలరీలు పోతయి.

2012 జనవరి నుంచి పద్ధతి మారింది. బొగ్గును నేరుగా కాల్చి వచ్చే మొత్తం వేడిని కొలిచి జీ1 నుంచి జీ17 దాకా గ్రేడ్లు పెట్టిన్రు. 7,000 దాటితే జీ1. ఆ కిందికి 300 కిలోక్యాలరీలకు ఒక మెట్టు. 4,300 నుంచి 4,600 దాకా జీ10, 4,000 నుంచి 4,300 దాకా జీ11, చివరికి 2,200 నుంచి 2,500 దాకా జీ17.

ఇప్పుడు కరెంటు లెక్క. ఒక యూనిట్ కరెంటు 860 కిలోక్యాలరీలకు సమానం. కిలోకు 4,000 కిలోక్యాలరీలు ఉన్న బొగ్గును, వేడిలో 35 శాతాన్ని కరెంటుగా మార్చే ప్లాంటులో కాలిస్తే 1,400 చేతికొస్తది. 860తో భాగిస్తే సుమారు 1.6 యూనిట్లు. అదే 2,500 ఉన్న లిగ్నైట్ అయితే ఒక్క యూనిట్ దగ్గర్నే ఆగుతది. హాస్టల్ రూముల ఒక ఫ్యాన్ రాత్రంతా తిరిగితే అర యూనిట్ పైన అయితది. అంటే నేను పండుకున్నప్పుడు తలకాయ మీద పావు కిలోకు మించి బొగ్గు కాలుతున్నది. మిగిలిన 65 శాతం వేడి కూలింగ్ టవర్ల నుంచి ఆవిరిగా, చిమ్నీల నుంచి పొగగా పోతది.

బొగ్గు ఎట్ల బయటపడ్డది

1871లో భూగర్భ సర్వే శాఖకు చెందిన డాక్టర్ విలియం కింగ్ ఇల్లందు దగ్గర బొగ్గును గుర్తించిండు. అక్కడి ఒక పొరకు ఇప్పటికీ కింగ్ సీమ్ అనే పేరు. మొత్తం ప్రాణహిత గోదావరి లోయ భూగర్భం మీద ఆయన రాసిన పెద్ద రిపోర్టు 1881లో అచ్చయింది. భద్రాచలం పోయే యాత్రికులు అడవిలో వంట చేసుకుంటుంటే పొయ్యికి పెట్టిన నల్ల రాళ్లు అంటుకున్నయని, అట్ల బొగ్గు బయటపడ్డదని ఒక కథ కూడ చెప్తరు. కథ ఎంత నిజమో గాని, అందులో ఒక నీతి ఉన్నది. ఆ అడవిల తరతరాలుగా పొయ్యిలు పెట్టుకున్నోళ్లు ఉన్నరు. వాగు ఒడ్డున నల్ల రాయి చూసినోళ్లు ఉంటరు. కాని కాయితం మీద రాసినోడే కనిపెట్టినోడు అయితడు. మనం రాయడం నేర్చుకోవాలని నేను అనేది అందుకే.

1886లో ఇంగ్లండులో పెట్టిన హైదరాబాద్ డెక్కన్ కంపెనీ నిజాం రాజ్యంలో గనుల హక్కు తీసుకున్నది. 1889లో ఇల్లందులో తవ్వకం మొదలైంది. దగ్గర ఉన్న సింగరేణి అనే ఊరి పేరే గనులకు పేరైంది. 1920 డిసెంబర్ 23న సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడ్డది. 1945లో నిజాం ప్రభుత్వం ఎక్కువ వాటాలు కొన్నది. 1956లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం చేతికి వచ్చింది, 1960 నుంచి కేంద్రం కూడ వాటాదారు. ఇప్పుడు తెలంగాణ ప్రభుత్వానికి 51 శాతం, కేంద్రానికి 49 శాతం.

మన దిక్కు బొగ్గు రావడానికి రైలే కారణం. ఇల్లందుకు ముందు రైలు వచ్చింది కాబట్టి ముందు గని వచ్చింది. కాజీపేట నుంచి గోదావరి దాటి బల్లార్షా దాకా లైను 1929లో పూర్తయింది. మద్రాసు నుంచి ఢిల్లీకి నేరుగా దారి కలిసింది. దాదాపు అదే కాలంలో, 1920ల చివర్ల బెల్లంపల్లి దిక్కు గనులు తెరుచుకున్నయి. తర్వాత మందమర్రి, రామకృష్ణాపూర్, శ్రీరాంపూర్. గోదావరికి ఇవతల కరీంనగర్ జిల్లాలో రామగుండం, గోదావరిఖని 1960 ప్రాంతంలో. 1970ల మధ్య నుంచి ఓపెన్‌కాస్ట్ వచ్చింది. అంతకుముందు బాయిలోకి దిగి, తట్ట చెమ్మస్ పట్టి, పిల్లర్ల నడుమ తవ్వేది. ఇప్పుడు ఎక్కువ భాగం బొగ్గు ఓపెన్‌కాస్ట్ నుంచే. 2023-24లో సింగరేణి ఉత్పత్తి 7 కోట్ల టన్నులు దాటింది.

ఇక్కడ ఇంకో సంగతి. ఆ రైలు లైను చివర ఉన్న బల్లార్షా గోండు రాజు ఖాండక్య బల్లాల్ షా పేరు మీద వెలిసిన ఊరు. చాందా గోండు రాజ్యం 1751లో మరాఠాల చేతికి పోయింది. రాజ్యం పోయింది, స్టేషన్ బోర్డు మీద పేరు మిగిలింది. రాతి పొరకు మన పేరు, స్టేషన్‌కు మన రాజు పేరు. బొగ్గు మాత్రం ఆ స్టేషన్ మీద నుంచి ఎటో పోయేది.

అదే కాలంలో మన పెద్దలు

బెల్లంపల్లిలో బాయిలు తెరిచిన ఆ పదేళ్లల్లనే అడవిల మనవాళ్ల పరిస్థితి ఎట్ల ఉండెనో గుర్తు చేసుకుందాం. అడవిని రిజర్వు చేసిన్రు. పోడు కొడితే జుర్మానా, పశువులు మేపితే పన్ను, కట్టె తెస్తే కేసు. రైలు, రోడ్లు వచ్చినంక బయటి నుంచి రైతులు, వ్యాపారులు వచ్చిన్రు, పట్టాలు వాళ్ల పేరు మీద అయినయి. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం నేలకొరిగిండు. ఆయన అడిగిన జల్, జంగల్, జమీన్ మూడూ నేల మీదివే. నేల కింద ఉన్నదాని గురించి అప్పుడు మనోళ్లకు ఎవ్వరూ చెప్పలేదు.

భీం పోరాటం తర్వాతనే నిజాం ప్రభుత్వం హైమన్‌డార్ఫ్‌ను మన దిక్కు పంపింది. 1943లో మార్లవాయిలో మన పిల్లలకు, మన టీచర్లకు చదువు మొదలైంది. అంటే ఒక దిక్కు బాయిలు తెరిచి దాదాపు 15 ఏండ్లు అయినంక, ఇంకో దిక్కు మనకు మొదటి పలక దొరికింది. బాయిల హాజరు రిజిస్టర్‌ల పేరు రాయాలంటే సంతకం రావాలె, ఊరు విడిచి రావాలె. దూరం దూరం నుంచి కూలీలు వచ్చి బాయి దొరల కింద ప్రాణాలకు తెగించి తవ్విన్రు. వాళ్ల కష్టాన్ని తక్కువ చేయట్లేదు, నల్ల నేలను రక్తంతో తడిపినోళ్లు వాళ్లే. నేను అనేది ఒక్కటే. ఆ పదిహేనేండ్ల ఆలస్యం ఇప్పటికీ మన వెనకాలే నడుస్తున్నది. నేను ఇంట్ల మొదటి కాలేజీ మనిషిని కావడం కూడ ఆ ఆలస్యంలో భాగమే.

బొగ్గు కరెంటు అయింది, ఎరువు అయింది, బూడిద అయింది

రామగుండంలో 1971లోనే 62.5 మెగావాట్ల థర్మల్ స్టేషన్ వచ్చింది. తర్వాత 1983 నుంచి ఎన్టీపీసీ యూనిట్లు ఒక్కొక్కటి మొదలై 2,600 మెగావాట్లకు చేరినయి. మంచిర్యాల జిల్లా జైపూర్ దగ్గర సింగరేణి సొంతంగా 1,200 మెగావాట్ల ప్లాంటు 2016లో పెట్టుకున్నది.

పైన చేసిన లెక్కనే ఇక్కడ పెట్టి చూడండి. 2,600 మెగావాట్లు పూర్తి స్థాయిల గంట నడిస్తే 26 లక్షల యూనిట్లు. కిలోకు 1.6 యూనిట్ల చొప్పున సుమారు 1,600 టన్నుల బొగ్గు. రోజుకు 38 వేల టన్నులు, అంటే పది గూడ్సు రైళ్లు. అందులో 35 శాతం బూడిద అనుకుంటే రోజుకు 13 వేల టన్నుల పైన బూడిద. అది ఎక్కడో ఒక చెరువులో పోయాలె, లేదంటే సిమెంటుకు, ఇటుకకు, రోడ్డుకు వాడాలె. బొగ్గులో బూడిద ఎంత అనే ల్యాబ్ లెక్క, పక్క ఊరి చెరువు రంగు ఏంది అనే లెక్క, రెండూ ఒక్కటే. ఇంకా, ఒక కిలో కార్బన్ కాలితే 3.67 కిలోల కార్బన్ డయాక్సైడ్ అయితది. మన బొగ్గులో కార్బన్ 40 శాతం అనుకున్నా కిలో బొగ్గుకు కిలోన్నర దగ్గర గాలిలో కలుస్తది.

బొగ్గును కాల్చడమే కాదు, ఇంకో ప్రయత్నం కూడ మన దగ్గర జరిగింది. రామగుండంలో బొగ్గు నుంచి యూరియా చేసే ఫ్యాక్టరీ 1980లో ఉత్పత్తి మొదలుపెట్టింది. ఎర్రగా కాలుతున్న బొగ్గు మీదికి ఆవిరి, ఆక్సిజన్ పంపితే కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోజన్ వస్తయి. ఆ హైడ్రోజన్‌ను నైట్రోజన్‌తో కలిపితే అమోనియా, అమోనియాను కార్బన్ డయాక్సైడ్‌తో కలిపితే యూరియా. కాయితం మీద ఎంతో బాగున్నది. కాని నడవలేక 1999లో మూతపడ్డది. 2021 నుంచి అదే చోట మళ్లీ యూరియా వస్తున్నది, ఈసారి సహజవాయువుతోని. నేల కింద సరుకు ఉన్నంత మాత్రాన దాని మీద ఫ్యాక్టరీ నడుస్తదన్న గ్యారంటీ లేదని దీంతోని అర్థమైతది.

ఈ లెక్క మనకెందుకు

ఇప్పుడు అసలు మాట. మన గ్రూపులో చాలామంది "మన ఖనిజాలు మనకే" అని రాస్తరు. నేనూ రాసిన. నినాదం తప్పు కాదు. కాని ప్రజాభిప్రాయ సేకరణ రోజు టెంటు కింద మైకు మన చేతికి ఇస్తే నినాదం రెండు నిమిషాలల్ల అయిపోతది. అప్పుడు కాయితంలో ఏమున్నదో తెలిసి ఉండాలె.

ఈ గొలుసు చూడండి. బూడిద పెరిగితే వేడి తగ్గుతది. వేడి తగ్గితే గ్రేడు తగ్గుతది. గ్రేడును బట్టే ధర. 2012 నుంచి బొగ్గు మీద రాయల్టీ ధరలో 14 శాతం. 2015లో మారిన గనుల చట్టం ప్రకారం రాయల్టీ మీద లెక్కగట్టి, పాత లీజులకు 30 శాతం, వేలంలో వచ్చిన కొత్త వాటికి 10 శాతం జిల్లా ఖనిజ నిధికి అదనంగా కట్టాలె. ఆ నిధి గని వల్ల నష్టపోయిన ఊర్లల్ల నీళ్లకు, బడికి, దవాఖానకు ఖర్చు పెట్టాలె. లెక్క కోసం టన్ను 3,000 రూపాయలు అనుకోండి. రాయల్టీ 420, అందులో 30 శాతం అంటే 126 రూపాయలు. గ్రేడు ఒక మెట్టు తక్కువ రాస్తే ఆ 126 కూడ తగ్గుతది. టన్నుకు పది రూపాయలు తగ్గినా లక్షల టన్నుల మీద ఎంత అయితదో మీరే వేసుకోండి. ల్యాబ్‌ల తూచిన ఒక గ్రాము బూడిద మన ఊరి బోరింగు దాకా వస్తది.

చట్టాల గురించి కూడ తప్పులు తిరుగుతున్నయి, ఒకట్రెండు సరిచేస్త. రామగుండం దిక్కు గనులు షెడ్యూల్డ్ ఏరియాలో లేవు. తిర్యాణి లాంటి మండలాలు ఉన్నయి. రెండింటికీ ఒకే చట్టం మాట్లాడితే అధికారులు నవ్వుతరు. 1997 జులై 11న సుప్రీంకోర్టు ఇచ్చిన సమతా తీర్పు షెడ్యూల్డ్ ఏరియాలో ప్రైవేటు కంపెనీలకు గనుల లీజులు చెల్లవన్నది. ప్రభుత్వ సంస్థలకు ఆ అడ్డు లేదు. 1996 పెసా చట్టంలో గనుల మీద గ్రామసభ సిఫారసు తప్పనిసరి అన్నది ఇసుక, కంకర లాంటి చిన్న ఖనిజాలకు. బొగ్గు చిన్న ఖనిజం కాదు. కాని షెడ్యూల్డ్ ఏరియాలో భూసేకరణకు ముందు గ్రామసభను సంప్రదించాలన్నది అదే చట్టంలో ఉన్నది. 2006 అటవీ హక్కుల చట్టం కింద మన పోడు పట్టా, సామూహిక హక్కు ముందే కాయితం మీదికి ఎక్కి ఉంటే ఆ సంప్రదింపులో మన మాటకు బరువు ఉంటది. అందుకే గని వస్తదా రాదా అనేది తర్వాత, ముందు మీ ఊరి సామూహిక హక్కుల దరఖాస్తు ఎక్కడిదాకా వచ్చిందో అడగండి.

ఇంకో మాట చిన్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు. బొగ్గు ఎల్లకాలం ఉండదు, ఉన్నా ఎల్లకాలం కాల్చనియ్యరు. రామగుండం ఎన్టీపీసీ చెరువు మీదనే 2022లో 100 మెగావాట్ల తేలే సోలార్ ప్లేట్లు వచ్చినయి. రేపు బాయిలు మూసే రోజు వస్తే, మట్టి గుట్టల మీద మళ్లీ ఏం పెరగాలె, ఆ గుంటల నీళ్లు తాగొచ్చా లేదా అని చెప్పేటోళ్లు కావాలె. ఆ పని చేసే జియాలజీ, కెమిస్ట్రీ చదివినోళ్లు మనలో ఎంతమంది ఉన్నరు? ఇంటర్‌ల ఎంపీసీ, బైపీసీ కష్టమని అందరూ ఒకే గ్రూపుల పడిపోకండి. డౌట్లు ఉంటే నాకు మెసేజ్ పెట్టండి, నాకు తెలిసిన కాడికి చెప్త, తెల్వకపోతే సార్‌ను అడిగి చెప్త.

మొన్న దసరాకు ఇంటికి పోయినప్పుడు మా బాపుకు ఇదంతా చెప్పిన. ఆయన పత్తి ఏరుకుంట విన్నడు. మంచు, కలిసి ఉన్న ఖండాలు, నాలుక లాంటి ఆకు, అన్నీ విని చివరికి ఒక్కటే అడిగిండు. "మన పేరు ఎవలు పెట్టిన్రు దానికి?" ఐర్లండ్ ఆయన అని చెప్పిన. "మనల్ని అడిగి పెట్టిండా?" అన్నడు. లేదన్న. ఆయన మళ్లీ పత్తి ఏరుకుంటున్నడు.

నేను ఇది రాస్తున్నప్పుడు కూడ హాస్టల్ కిటికీ అవతల గూడ్సు బండి పోతున్నది. పెట్టెలన్నీ నల్లగ నిండి ఉన్నయి. నేను లెక్కపెట్టిన, 58.

తప్పులుంటే కామెంట్ల చెప్పండి, సరిచేసుకుంట. లిగ్నైట్ లెక్క ఇంకోసారి నవ్వులపాలు కావద్దు.

జై సేవా.